ముట్టకుండా మోగే పెట్టె

భజన మందిరం నుంచి కూతురు వెనక్కి తెచ్చిన పెట్టెను తండ్రి విప్పి చూస్తున్నాడు. చెయ్యి తాకకుండా గాలిలో ఆడిస్తే పలికే ఎలక్ట్రానిక్ వాద్యం అది. కూతురే తయారు చేసింది.

“లోపలంతా తడి ఉండాదే పాపా.”

“మందిరంలోకి తీసుకునే ముందు పసుపునీళ్లు చల్లినారు నాయనా.”

“కరెంటు వస్తువని చెప్పలేదా?”

“చెప్పినాను. మీ వీధి నుంచి వచ్చింది, చల్లక తప్పదన్నారు.”

“హార్మోనియం ముట్టుకున్నానని నన్ను తరిమినారు. ముట్టే పనే లేకపోతే నిన్ను వాయించనిస్తారనుకుంటిమే.”

“తడిసినాక అది పలకలేదు. మీ చేతిపనికి దేవుడు ఒప్పుకోలేదన్నారు.”

“నువ్వేమన్నావు?”

“బోర్డు కాలిపోయిందంటిని. ఇనేవాళ్లు లేరు.”

“నీళ్లు దూరకుండా ఇంకోటి చెయ్యలేవా?”

“చెయ్యగలను నాయనా. ఈసారి బిందెతో పోస్తారు.”