కారుకు సోకిన గాలి

గద్వాల బస్టాండు వెనక షెడ్డులో ఆమె కారు ఆపింది. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. నిలబడ్డ కారు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంటే మెకానిక్ బానెట్ ఎత్తాడు.

“ముంగట గన్ని నిమ్మకాయలేంది అక్కా? షర్బత్ బండి పెట్టినవా?”

“మా అత్తమ్మ కట్టింది అన్నా. కారుకు గాలి సోకిందంట. ఇయ్యాల బాగుకాకుంటే అమ్మెయ్యమంటుంది. గిది పోతే చీరల మూటలు పట్టుకొని మళ్ల ఆటోల ఎంబడి ఉరకాలె.”

“నడిచేటప్పుడు గూడ వణుకుతదా?”

“లే. ఆగితేనే.”

“ఇంజన్ మిస్సింగ్ కొడుతుంది.”

“ఏం మిస్సయింది?”

“ఏం మిస్ కాలే, ఒకటి ఎక్కువైంది. మీ అత్తమ్మ చెప్పిందే నిజం. గాలి సోకింది.”

“నువ్వు గూడనా అన్నా!”

“ఇగో, గీ రబ్బరు పైపు పగిలింది. ఇంజన్ గీడికెల్లి దొంగగాలి పీలుస్తుంది. వేలు పెట్టి మూస్త, చూడు.”

వణుకు టక్కున ఆగింది. ఆమె ఎగిరి చప్పట్లు కొట్టింది. పది నిమిషాల్లో అతను కొత్త పైపు బిగించాడు.

“గాలి వదిలింది, ఇగ పో అక్కా! వదిలింది టైర్లది కాదు, భయపడకు.”

“గా పాత పైపు గిటియ్యి అన్నా.”

“పగిలిన పైపు నీకెందుకు?”

“పోంగనే ‘దయ్యమేది?’ అంటది అత్తమ్మ. చేతుల పెడ్త!”