పిజిక్స్ తీసీసేరని రాసిన ఉత్తరం

“మామ్మా, బేంకాక్ కాలేజీలో సీటొచ్చింది గదా, ఇప్పుడు మా స్కూల్లో నా క్లాసొకటి తీసేసి ఇంకోటి పెట్టేరు. కాలేజీ వాళ్లకి చెప్పాలా?”

సెప్పాలే, పాపా. ఇలా కూకో. నాకూ ఇలాగే అయింది. నీకు సెప్పే ఉంటాను... నేదా? మీ అయ్యకి సెప్పేనేమో మరి.

సైన్యం ఈ బర్మాని పట్టీసుకున్న ఏడది. మీము చిమిండైంగ్ బజారు ఎనకాల ఉండీవోలం. మా అయ్యది పప్పుల కొట్టు. అప్పుడు ఒక్క చాట్ నోటు పెడితే నలుగురికి కడుపు నిండా సేపల పులుసేసిన మొహింగా ఒచ్చీది... సరే, అదెందుకిప్పుడు. నానూ, నా సావాసగత్తె పార్వతీ ఆకరి క్లాసు. విశాపట్నంలో ఆడపిల్లల కాలేజీకి రాసుకుంటే ఇద్దరికీ సయన్సు సీటొచ్చింది. లెక్కలూ పిజిక్సూ సదువుతున్నామని రాస్తేనే ఇచ్చేరు, ఇంటన్నావా.

అంతట్లో యూనివర్సిటీ పిల్లల మీద కాల్పులయ్యేయి. మాకు పిజిక్స్ సెప్పీ సయామా, టీచరమ్మని అలాగే పిలిచీవోలం, ఆవిడ తమ్ముడు అందులో పోనాడు. ఆవిడ మరి బడికి రానేదు. ఎక్కడికెల్లిందో ఎవులూ అడగనేదు. అడిగీ రోజులు కావవి. హెడ్మిస్ట్రెస్సు పిజిక్స్ తీసీసి, ఆ గంటకి కుట్టుపని పెట్టీసేరు.

కాలేజీకి రాయాలని అయ్యతో అన్నాను. “రాస్తే సీటు పోతాది. నోరు మూసుకుని ఓడెక్కు” అన్నాడు. పార్వతీ అదే మాట, “అక్కడికెల్లేక సూసుకుందారే” అని. నాకు మనసొప్పనేదు. రాసీసేను. ఇద్దరి పేర్లూ... కాదు కాదు, నా పేరే రాసేను, పార్వతి ఊసెత్తనేదు. మా బడిలో పిజిక్స్ మానిపించీసేరు, నన్నేటి సెయ్యమంతారు అని.

ఓడ రోజొచ్చింది గాని జవాబు రానేదు. జెట్టీ మీద పార్వతి నా సెయ్యట్టుకు లాగింది, “రాయే నాతోటి” అని. “జవాబు రానీ, పై ఓడకొస్తాను” అన్నాను.

పై ఓడకి నాకు దేశం దాటీ కాయితాలివ్వనేదు. తరవాత కొట్లన్నీ సర్కారోలు తీసీసుకున్నారు. మనోలు ఈదులకీదులు కాళీ సేసి ఎల్లిపోయేరు. అప్పుడేనా ఎల్దుమా అంటే, అయ్య మంచాన పడ్డాడు. ఎల్తే మరి తిరిగి రానిచ్చీవోలు కాదు. ఎదురింట్లో నేదు, పక్కింట్లో నేదు తెలుగు మాట. బర్మా మాట ఒచ్చు గాని, మనసులోది అందులో రాదు కదా. పోస్టుమేను బెల్లు ఇంటే గుమ్మంలోకి ఎల్లీదాన్ని. ఆడు దాటి ఎల్లిపోయీవోడు.

ఏడాది దాటేక ఒక ఉత్తరమొచ్చింది, ఎవులో ఇప్పి సూసి అతికించీసినాది. కాలేజీది కాదు, పార్వతిది. మార్కుల కాయితంలో పిజిక్స్ ఏదని ప్రిన్సిపాలమ్మ అడిగిందంట. అప్పుడావిడే నా ఉత్తరం తీసిందంట. ఒకటే బడి కదా. “మీ బడిలో మానిపించీసేరని ఈ పిల్ల రాసింది. పరవానేదు, ఇక్కడ సదువుకో” అని సేర్చుకుందంట. నాకూ అదే జవాబు రెండుసార్లు రాసిందంట, పాపా. నాకందనేదు. “నా పక్క కుర్చీ ఇంకా కాళీగానే ఉందే” అని రాసింది పార్వతి. దొడ్డిగుమ్మంలో కూకుని ఏడ్చేను. మాయమ్మకి సెప్పనేదు.

తరవాత పెళ్లయింది, మీ అయ్య పుట్టేడు. బతుకు బాగానే ఎల్లింది, కాదనను. పార్వతి అక్కడ పిల్లలకి పిజిక్సే సెప్పిందంట, రిటైరయ్యీదాకా.

ఆ ఉత్తరం రాయడం తప్పని నానెప్పుడూ అనుకోనేదు. జవాబొచ్చీదాకా కూకుంటాననడమే తప్పు. నువ్వు ఇయ్యాలే సెప్పీ వాలకి, ఉన్నదున్నట్టు. సెప్పీసి, పెట్టె సర్దుకో. వాలేటంతారో అక్కడికెల్లి ఇను. సల్లగా ఎల్లు తల్లీ, నూరేళ్లు బతుకు. నా గురించి సూడకు. ఒక్కదాన్నే ఉండడం నాకు అలవాటే...