ఆదివారం పొద్దుటి జెండా

ఆనకట్ట మరమ్మతుకని సరస్సు నీళ్లు దించేసిన అక్టోబరు. ముసలి ఏవర్ట్ తలుపు తీశాడు గానీ, వంటింట్లోకి వచ్చిన పోలీసు అమ్మాయిని కూర్చోమనలేదు.

"కాఫీ పెట్టను."

"నేను అడగలేదుగా, ఏవర్ట్ గారూ."

"ఇక్కడ అడక్కుండానే పెడతారు. అందుకే ముందే చెప్తున్నా. నువ్వు బడి బస్సు తోలిన యోరాన్ కూతురివి కదూ?"

"అవును. నా పేరు ఈల్వా."

"మీ నాన్నకి నోరెక్కువ. బస్సు ఆపినా నోరు ఆపేవాడు కాదు. నీకూ అదే వచ్చిందేమో. ఏం కావాలి?"

"సరస్సు బురదలో దొరికిన ఎముకలు ఎవరివో తేలింది."

"రేడియోలో మనిషివన్నారు. అంతకుమించి నాకేం తెలియదు."

"మీ అన్నయ్య హోల్గర్‌వి."

"హోల్గర్ నార్వే పోయాడు. ఓడల్లో పనికి."

"యాభై ఏళ్ల నుంచీ అదే చెప్తున్నారు."

"యాభై ఏళ్ల నుంచీ అదే అడుగుతున్నారు మరి."

"నార్వే పోయినవాడు మీ పడవరేవుకి ఎదురుగా, ఒంటికి ఆవుల గొలుసు చుట్టుకుని పడుకున్నాడు. జేబులో మీ నాన్నగారి పేరు చెక్కిన గడియారం."

"గొలుసులు అందరి కొట్టాల్లోనూ ఉంటాయి. గడియారాలు దొంగలెత్తుకుపోతారు."

"అందుకే డీఎన్ఏ పరీక్ష కూడా చేయించాం. ఆమధ్య మావాళ్లిద్దరు వచ్చి, మీ నోట్లో ఒక్కసారి దూదిపుల్ల తిప్పుకుంటామని అడిగారు. మీరు వాళ్ల మొహం మీదే తలుపేశారు."

"నా నోరు, నా తలుపు."

"సరే. అందుకని ఉల్రికా దగ్గరికి వెళ్లాం."

"నా కూతురి దగ్గరికా? ఎవరు వెళ్లమన్నారు?"

"ఆమె కాదనలేదు."

"వాళ్లమ్మని పూడ్చిన రోజు నుంచి అది నాతో మాట్లాడలేదు. నీతో మాట్లాడిందా?"

"మాట్లాడింది. కాఫీ కూడా పెట్టింది."

"ఏం తేలింది?"

"కూర్చోవచ్చా?"

"కూర్చో. ఏం తేలింది?"

"ఆ ఎముకల మనిషి ఉల్రికాకి పెదనాన్న కాదు."

"అయితే వాడు హోల్గర్ కాదు. అయిపోయింది. ఇక వెళ్లు."

"పెదనాన్న కాదు. తండ్రి."

"కిటికీ వేస్తానుండు. చలిగాలి వస్తోంది."

"ఏవర్ట్ గారూ?"

"వింటున్నా. నాకు చెవుడు లేదు."

"మీకు ముందే తెలుసా?"

"దానికి చెప్పావా?"

"మీకు తెలుసా అని అడిగాను."

"దానికి చెప్పావా అని నేనూ అడిగాను."

"ఇంకా లేదు. ఇక్కణ్ణించి నేరుగా అక్కడికే వెళ్తున్నా."

"వెళ్లొద్దు."

"మాటిచ్చాను. ఏది తెలిస్తే అది చెప్తానని."

"మాటలు ఇవ్వడం మీ ఇంట్లో పాత జబ్బే."

"ఊరు ఏమనుకుంటోందో చెప్పనా? ఉల్రికా వాళ్లమ్మ డాగ్నీ అప్పుడు మీ ఇంట్లో పాలు పితికే పనిపిల్ల. పెళ్లి కాలేదు. అన్న ఆ పిల్ల జోలికెళ్లాడు. తమ్ముడికి కడుపు మండింది. తెల్లారేసరికి అన్న మాయం. పొలం తమ్ముడికి, పిల్లా తమ్ముడికే. నేనూ అలాగే అనుకుంటున్నా."

"అనుకో."

"కాదనరా?"

"ఎందుకు కాదనాలి? నేనే చంపా. రాసుకో."

"అంత తేలిగ్గా ఒప్పేసుకుంటారా?"

"నీకు శ్రమ తగ్గిందిగా. ఎన్నేళ్లు వేస్తారు?"

"వెయ్యరు. అంత పాత హత్యకి గడువు దాటిపోయింది. కేసు నడవదు."

"మరింకేం. కాగితం మీద నేనే అని రాసేసి, ఉల్రికాకి కూడా అదే చెప్పు."

"నీ తండ్రిని చంపినవాడే నిన్ను పెంచాడని చెప్పమంటారా?"

"చెప్పు. అది ఎలాగూ ఈ గుమ్మం తొక్కడం లేదు. ఇకముందూ తొక్కదు. కొత్తగా పోయేదేముంది?"

"దేంతో కొట్టారు?"

"గొడ్డలితో."

"ఎక్కడ?"

"పడవరేవులో. తాగి తూలుతున్నాడు. వెనకనుంచి ఒక్కటిచ్చా."

"వెనకనుంచేనా?"

"వెనకనుంచే. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఒకసారి సరిగ్గా చెబితే చాలు. దెబ్బ ముందునుంచి తగిలింది. కింది నుంచి పైకి. కొట్టిన మనిషి కింద ఉంది, ఆయన మీద ఉన్నాడు."

"ఇక ఆపు."

"గొడ్డలి కూడా కాదు. ఆ గొలుసుతోనే ఇనప ఇస్త్రీపెట్టె ఒకటి కట్టేసి ఉంది. ఎముక మీది దెబ్బ దాని మొనకి సరిపోయింది."

"ఇస్త్రీపెట్టా?"

"అవును."

"చిన్నదా? పిడి ఒక పక్క మాడి ఉండాలి."

"పిడి ఎప్పుడో కుళ్లిపోయింది. చిన్నదే. మీకెలా తెలుసు?"

"అమ్మ దానికోసం క్రిస్మస్ దాకా వెతికింది. ఎదుటి ఒడ్డు వాళ్లు ఎత్తుకుపోయారని వాళ్లతో మాటలు మానేసింది."

"అంటే అది నీళ్లలో ఉందని మీకు ఇప్పుడే తెలిసింది."

"ముసలాణ్ణి. మర్చిపోయాను."

"చంపినవాడు ఇంకేదైనా మర్చిపోతాడు. దేంతో చంపాడో మర్చిపోడు. ఆ పెట్టె ఎవరి గదిలో ఉండేది?"

"కాఫీ పెడతా."

"ఎవరి గదిలో?"

"పాలు పోసుకుంటావా, వట్టిదేనా?"

"వట్టిదే. పనిపిల్ల గదిలో కదూ?"

"చక్కెర గడ్డలు అయిపోయాయి. బన్నులు కూడా లేవు. డాగ్నీ పోయాక ఈ పొయ్యిలో ఏదీ కాల్చలేదు."

"ఎదుటి ఒడ్డు ఆస్తా నాకొక మాట చెప్పింది."

"ఆస్తాకి తొంభై దాటాయి. పళ్లు తీసి ఎక్కడ పెట్టిందో తనకే తెలియదు."

"మీ ఇంటి ముందు జెండా మాత్రం బాగా గుర్తుంది. హోల్గర్ నార్వే పోయాడన్న ఆ ఆదివారం పొద్దున, మీ జెండా సగానికి దించి ఉంది. ఊళ్లో ఎవరో పోయారనుకుని ఇల్లిల్లూ అడిగిందట. ఎవరూ పోలేదు."

"తాడు ఇరుక్కుంది."

"చర్చికి బయల్దేరేసరికి పైకంటా ఎగురుతోందట."

"విడిపించాను. వేట నుంచి అప్పుడే వచ్చా."

"అవును. శుక్రవారం నుంచి దుప్పి వేటలో ఉన్నారు. ఆస్తా మొగుడు మీతోనే ఉన్నాడు. మరి మీరు పడవరేవులో అన్నని ఎప్పుడు చంపారు?"

"ఇంకొంచెం పొయ్యనా?"

"కప్పు నిండుగానే ఉంది. తాడు ఇరుక్కుందని మీతో ఎవరన్నారు?"

"అమ్మ."

"మీ అమ్మగారికి అప్పటికే కుడిచెయ్యి పడిపోయింది. జెండా ఆమె కట్టలేదు. మీరు అడవిలో, హోల్గర్ నీళ్లలో. ఇంట్లో ఇంకెవరు మిగిలారు?"

"మీ నాన్నకి బస్సెక్కిన పిల్లల లెక్క కూడా వచ్చేది కాదు. నీకు బాగానే వచ్చు."

"తాడు నిజంగా ఇరుక్కుందా, ఏవర్ట్ గారూ?"

"లేదు."

"ఏమన్నారు?"

"లేదన్నా. చెయ్యి వెయ్యగానే జర్రున కదిలింది."

"అప్పుడే అర్థమైందన్నమాట."

"పైకంటా లాగి, ముడేసి, కొట్టంలోకి వెళ్లా. డాగ్నీ ఆవు పక్కన కూర్చుని పాలు పితుకుతోంది. దవడ వాచి ఉంది. చివరి ఆవు మెడకి గొలుసు లేదు."

"ఏమడిగారు?"

"ఏమీ అడగలేదు. హోల్గర్ నార్వే పోయాడు అంది. సరే అన్నా. మధ్యాహ్నం ఆమె గది తలుపుకి లోపల గడియ బిగించా."

"అప్పటిదాకా గడియ లేదా?"

"లేదు."

"వాడి సంగతి తెలిసి కూడా, ముందే ఎందుకు బిగించలేదు?"

"నీ కాఫీ చల్లారిపోతోంది."

"ఏవర్ట్ గారూ."

"చల్లారిపోతోందన్నా. తాగు."

"సరే, తాగుతా. ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. దొరక్కుండా వాణ్ణి నీళ్లలో దింపింది. నార్వే కథ అల్లింది. అంత చేసి, ఊరంతా చూసేలా జెండా ఎందుకు దించింది?"

"నువ్వు ఇక్కడ పుట్టినదానివేనా?"

"ఇక్కడే పుట్టాను."

"మరి తెలియదా? మనిషి పోతే జెండా సగానికి దించాలి. మంచివాడా చెడ్డవాడా అని అడగరు. తెల్లారింది, ఇంట్లో ఒకడు పోయాడు, దించింది. చేతులకి వేరే పని తెలియదు."

"వాడికైనా?"

"వాడికైనా."

"మరి డాగ్నీ గారికి?"

"ఏంటి?"

"ఆమె పోయినప్పుడు రోడ్డు పొడుగునా ప్రతి ఇంట్లో జెండా సగానికి దిగింది. శవపేటిక మీ ఇంటి ముందు నుంచే వెళ్లింది. మీ జెండా కర్ర ఒక్కటే బోసిగా ఉంది. ఉల్రికా కారులోంచి చూసింది."

"నాకు తెలుసు అది చూసిందని."

"ఎముకల గురించి ఆమె నన్నేమీ అడగలేదు. ఈ ఒక్కటే అడిగింది. యాభై ఏళ్లు కలిసి బతికిన మనిషికి జెండా కూడా దక్కనివ్వని వాడు ఎంతకైనా తెగించి ఉంటాడు, నా అనుమానం అదే అంది."

"తాడు పుచ్చిపోయింది."

"వస్తూ చూశాను. కొత్త తాడు."

"అంతా చూస్తావు నువ్వు."

"ఆమెకి నన్నేం చెప్పమంటారు? మీరే చంపారని అబద్ధం చెప్పనా? తాడు పుచ్చిందని ఇంకో అబద్ధం చెప్పనా?"

"జెండా సంగతి చెబితే వాళ్లమ్మ సంగతి చెప్పినట్టే. అదే నా మెడకి చుట్టుకుంది. ఏడాదిన్నర నుంచి అది ఫోను తియ్యకపోయినా నోరు మూసుకుని కూర్చున్నది అందుకే."

"చెప్పకపోతే ఆమె మిమ్మల్నే అనుమానిస్తూ బతుకుతుంది. మీరు పోయినా రాదు."

"రాకపోతే పోనీ అనుకున్నా. ఇన్నాళ్లూ అనుకోగలిగా."

"ఇప్పుడు?"

"ఆ తాడు కొన్నది డాగ్నీ కోసమే. జెండా మడతపెట్టి చేత్తో పట్టుకుని, పేటిక దాటిపోయేదాకా కిటికీ వెనక నిలబడ్డా. ఎవరికీ కనబడలేదు."

"మరి ఎందుకు కట్టలేదు?"

"ఆ ఆదివారం గురించి మా ఇద్దరి మధ్య ఎప్పుడూ మాట రాలేదు. ఒక్కసారే వచ్చింది, ఆసుపత్రిలో, ఆఖర్న. ఇది ఉల్రికాకి చెప్పాలో వద్దో నువ్వే తేల్చుకో, ఈల్వా. డాగ్నీ నా చెయ్యి పట్టుకుని అంది, 'నాకు జెండా దించకు ఏవర్ట్. నా వంతుది ఆ పొద్దున వాడికి ఇచ్చేశాను' అని."