తాత చెవులకు కుదిరిన గడ్డి మషిన్

— అవ్వా, తాత ఆ పెట్రోల్ గడ్డి మషిన్ ఎందుకు అమ్మేసిండు?

అమ్మేసిండా! నేనే అమ్మించిన బిడ్డా. కూసో, ఆ పీట జర ఇట్ల జరుపుకో. మీ తాతనడిగితె "పాతదయ్యింది" అంటడు, నమ్మకు.

మన ఇంటెనుక నిమ్మతోట ఉన్నది కదా, నాలుగు వానలు పడ్డయంటె నడుమెత్తు గడ్డి. పాములు గూడ. ముందుగాల కొడవళ్లతోనే కోసేటోళ్లం. నేను, మీ తాత, మా మరిది... కాదు కాదు, మరిది అప్పటికే అహేరికి పోయిండు, మేమిద్దరమే. మల్ల చంద్రపూర్‌ల పెట్రోల్ మషిన్ కొనుక్కొచ్చిండు, భుజానికి తగిలిచ్చుకునేది. అప్పుడు పెట్రోల్ గింత పిరం లేకుండె. ఇగ చూడు మీ తాత హవా! బడి ముంగట గడ్డి ఆయననే కోయాలె, పండుగకు ముందు ఈద్గా కాడ గడ్డి ఆయననే కోయాలె. ఆ సప్పుడు ప్రాణహిత ఒడ్డు దాక ఇనవడేది. ఊరందరికి ఇనవడ్డది గని, ఆయనకే ఇగ ఏం ఇనవడకుంటయ్యింది.

నవ్వకు, నిజంగనే. డాక్టరు చెవులల్ల లైటేసి చూసి, "పోయింది మల్ల రాదు, ఉన్నదన్న కాపాడుకో, ఆ మషిన్ బంద్ చెయ్" అన్నడు. ఈయన బయటికొచ్చి, "ఏమన్నడే?" అని నన్నే అడిగె. నాకు పరేషాన్ పట్టుకున్నది. మనిషి పక్కల్నే ఉండి మాట అందకపోతె ఎట్లుంటదో నువ్వే చెప్పు. ఉన్న ఆ కొంచెం గూడ పోతె ఇగ నేనెవరితోటి మాట్లాడాలె?

కరెంటు మషిన్ కొందామంటె ఒప్పుకుంటేనా! "వైరు కట్టుకొని తిరగనీకె నేనేమన్న దున్నపోతునా?" అంటడు. "కరెంటు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో" అంటడు. అదీ నిజమే, లోడ్‌షెడ్డింగ్ దినాలాయె. అయినా నేను ఇడువలె. ఒకదినం పడవెక్కిచ్చి, నది దాటిచ్చి, మంచిర్యాల తీస్కపోయిన.

దుకాణమాయన మూడు రకాలు ముంగట వెట్టిండు. ఒకటి చక్రాలది, తోసుకుంట పోవాలె. మన తోటల గుంతలెక్కువ, వద్దన్నం. కడమయి రెండు చేతుల పట్టుకునేటియి. "పెద్దదానికి తాకత్ ఎక్కువ" అన్నడు. మీ తాత చూపంత దానిమీదనే. నేనన్న, "తాకత్ సంగతి తర్వాత. రెండూ నడిపియ్ అన్నా. నేను పది అడుగుల దూరం నిలవడి మాట్లాడుత. ఏది నడుస్తుంటె ఈయనకు నా మాట ఇనవడుతదో గదే కొంటం."

పెద్దది మీ తాత చేతికిచ్చి నడిపిచ్చిండు. "చాయ్ తాగుతవా?" అన్న. "ఆఁ, తాగుత" అన్నడు. నాకు అనుమానమొచ్చింది. "మన పెద్దబిడ్డ పేరేంది?" అన్న, అంటె మీ మేనత్త. "తాగుత అంటిని కదనే!" అన్నడు.

దుకాణంల అందరు కిసకిస నవ్విరి. పాపం, మూతి ముడుచుకున్నడు గని, ఆ పెద్దదాన్ని తనే కిందవెట్టిండు. ఇగ చిన్నది నడిపిచ్చిర్రు. "పెద్దబిడ్డ పేరేంది?" అన్న. "మల్లవ్వ. కన్నతల్లివి, మర్శిపోయినవా?" అన్నడు. గదే కొన్నం.

వైరు కాడ ఇంకో తమాష అయ్యింది. తోట పొడుగు మీ తాత తన చేతులతోటి కొలుసుకొని వచ్చిండు, పద్దెనిమిది బారలని. రెండు చేతులు చాపితె ఒక బార, నీకెరుకే. ఈయన తాటిచెట్టంత మనిషి. దుకాణంల వైరు కొలిసినాయన నా భుజం కాడికి గూడ లేడు, ఆయన చేతులతోటి ఆయన పద్దెనిమిది బారలు కొలిసిచ్చిండు. మీటర్లల్ల అడుగుదామని ఎవ్వరికి తోచలె, మేం పెద్ద తెలివిగల షాణోళ్లమాయె! ఇంటికొచ్చి చూస్తె చివరి రెండు చెట్ల కాడికి మషిన్ అందలె.

మల్ల నది దాటుడెందుకని ఆ ముక్క కొడవళ్లతోనే కోద్దామని కూసున్నం. పొద్దటి పూట, ఏ సప్పుడు లేదు. నేను గడ్డి కోసుకుంట మామూలుగనే ముచ్చట చెప్తున్న, మా చెల్లె కోడలు గట్లన్నది, గిట్లన్నది అని. ఆయన కొడవలి ఆపి నా దిక్కు చూసిండు.

"ఏమే, నీ గొంతు గింత బొంగురు ఎప్పుడువోయిందే?" అన్నడు.

ఎప్పుడా? ఎన్నేండ్లాయె! ఆయనకు ఇనవడాలని ఆ మషిన్ సప్పుడుల అరిశి అరిశి పోయింది బిడ్డా. ఇంట్లనే ఉండి, గా సంగతి ఆయనకు ఆ పొద్దు తెల్సింది. నాకు నవ్వొచ్చింది, కండ్లల్ల నీళ్లు గూడ తిరిగినయి. ఆయన లేచిపోయి చెంబెడు నీళ్లు తెచ్చి నా ముంగట వెట్టిండు. "ఇగ అరువకు. ఇనవడుతుంది" అన్నడు.

గంతే బిడ్డా. ఆ వారమే పెట్రోల్ దాన్ని అమ్మించిన. ఈద్గా కాడికి ఇప్పుడు పక్కింట్లకెల్లి వైరు గుంజి ఇస్తరు, కరెంటున్నప్పుడు కోసొస్తడు, లేకుంటె చాయ్ తాగొస్తడు.

నీకు గూడ రేపో మాపో లగ్గమయితది. నువ్వు మెల్లగ చెప్పినా ఇనేటోడు దొరకాలె తల్లీ. మీ ఇద్దరి నడుమ గొంతు వోయేంత సప్పుడు ఎన్నడు రావద్దు. సల్లగుండు...