చెమ్మ గోడ పురుగు, అడవి దుంగ పురుగు: మా జీవశాస్త్రం మాస్టారు

పంతొమ్మిది వందల తొంభై మూడు జూలై ఐదవ తేదీన మన పాఠశాలలో జీవశాస్త్ర ఉపాధ్యాయులుగా చేరిన మాస్టారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అదే సంవత్సరం లెక్కల ఉపాధ్యాయినిగా చేరి, అనంతరం వారి సహధర్మచారిణి అయిన మా అక్క ఉండి ఉంటే ఈ వ్యాసం తానే రాసేది.

తొలి రోజుల నుంచే మాస్టారు సెలవులన్నీ అడవిలో గడుపుతూ, పడిపోయిన దుంగలపై చెక్కలా గట్టిపడే పుట్టగొడుగులను తొలుచుకుని బతికే నల్లని పురుగును పరిశీలించేవారు. పెళ్లయ్యాక అక్క తమ స్నానాల గది గోడపై చెమ్మకు పట్టిన బూజును మేసే, నువ్వుగింజకన్నా చిన్నదైన గోధుమరంగు పురుగును కనిపెట్టింది. రెండింటి ఆహారమూ శిలీంధ్రమే. ఒకటి గట్టి ఇంట్లో నింపాదిగా పెరుగుతుంది, మరొకటి రేపటి తడిని నమ్ముకుని కొద్ది వారాల్లోనే పెరిగి పెద్దదవుతుంది. ఈ పోలికను దంపతులిద్దరూ ఏళ్ల తరబడి కలిసి సాగించారు.

ఒకసారి నేను వెళ్లేసరికి అక్క గోడమీద నీళ్లు చిలకరిస్తోంది.

“కూర్చున్నచోటికే తడి, తిండి! ఇల్లరికపు అల్లుడు నయం,” అన్నారు మాస్టారు.

“మీ అడవి దొరగారు మాత్రం? పుట్టిన గదినే కొరుక్కుతింటూ గడప దాటడు. సరేగానీ, గోడ ఆరిపోతే వీటి పిల్లలు ఏమవుతాయండీ?”

“ఆరనిస్తేగా తెలిసేది!”

“అమ్మో, నాకు మనసొప్పదు.”

నిరుడు అక్కకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చాము. చెమ్మ లేని ఇంటికే తీసుకువెళ్లాలని డాక్టరు చెప్పారు. మాస్టారు ఆ సాయంత్రమే గోడంతా గీకి సున్నం వేశారు. మరునాడు అక్క మంచం పక్కన కూర్చుని, “ఆరేదాకా ఆగి చూడాల్సింది. తొందరలో నీ ప్రశ్న కూడా గీకేశాను,” అన్నారు.

“పోనీలెండి. రిటైరయ్యాక ఇంకో గోడ వెతుక్కోండి. ఖాళీగా ఉంటే ఊళ్లోవాళ్ల బుర్రలు తింటారు,” అంది అక్క.

ఆమె ఇంటికి రాలేదు.

తరువాత కూడా మాస్టారు ఒక్క తరగతీ మానలేదు. అడవికి మాత్రం వెళ్లలేదు. పోయిన వారం మన పాఠశాల సామాన్ల గదిలో చెమ్మగిల్లిన గోడమీద గోధుమరంగు చుక్కలు కదలడం వారి కంటపడింది. నేరుగా ప్రధానోపాధ్యాయురాలి దగ్గరికి వెళ్లి, “వేసవి దాకా ఆ గోడ ముట్టుకోకండమ్మా,” అని అడిగారు. ఆవిడ గది తాళంచెవి వారి చేతిలో పెట్టారు.

ఆ గోడ దానంతట అది ఆరేదాకా, అక్క అడిగినదానికి జవాబు దొరికేదాకా, ఆ పైన మరెన్నో వానాకాలాల పాటు మాస్టారు ఆయురారోగ్యాలతో, చెదరని కంటిచూపుతో ఉండాలని సహోద్యోగులందరి తరఫున ఆకాంక్షిస్తున్నాను. ఆ గదిలో ఎక్కువసేపు ఉండవద్దని, వెళ్లినప్పుడల్లా ముక్కుకు గుడ్డ కట్టుకోవాలని బావమరిదిగా నా విన్నపం.