బట్టమేకపిట్టకు బడ్జెట్ లెన్సు

కొత్త లెన్సుతో తీసిన, అరుదైపోయిన బట్టమేకపిట్ట ఫోటోను కర్నూలు స్టూడియో ఆసామి ముందు పెట్టి, మెచ్చుకోలు కోసం మెడ చాచాడు కుర్ర ఫోటోగ్రాఫరు.

"రోళ్లపాడు గడ్డిలో ఎన్నేండ్లకో కనపడిందన్నా! పేపరోళ్లకి పంపితే నా పేరు మోగిపోతాది."

"బట్ట మాదిరి ఉండాది, మేక మాదిరి ఉండాది. పిట్ట యాడప్పా?"

"శానా దూరం నుంచి తీసినా గదా! చవకలో ఇంతకన్నా జూమ్ రాదన్నా."

"దూరపు కొండలే నునుపనుకుంటి, నీ లెన్సుకి ఈకలు గూడా నునుపే! ఇది జూమ్ గాదప్పా, కండ్లు మూతలు పడే జోల!"

అతనికి ఒళ్లు మండింది. "కండ్లారా చూసినా. నువ్వు నమ్మవా?"

"మసకలో గూడా ఆ పిట్ట మెడ ఠీవి చూస్తే నమ్మక చస్తానా? అందుకే పంపొద్దంటాండా."

"నమ్మితే పంపొద్దంటావేందన్నా?"

"పేపర్లో పడితే, నీలాంటోళ్లు వందమంది లెన్సు గొట్టాలు తగిలించుకొని గడ్డిలో పొర్లాడి దాని గుడ్లు తొక్కుతారు. పేరు నీకు మిగులుతాది, పిట్ట మనకి మిగలదు."