మా అన్న కళ్ళ పచ్చదనం

ఏమన్నావ్? మీ తాతే వాళ్ళ నాన్నని చంపుకున్నాడన్నారా? ఎవర్తే ఆ మాటన్నది? ఇట్రా, కూర్చో. ఈమధ్య నాకు పేర్లు జారిపోతున్నాయి, నిన్న మా చెల్లెలి పేరు గుర్తు రాక కూర్చుని ఏడ్చాను. ఇదీ జారిపోకముందే చెప్పేస్తా. ఆస్పత్రిలో డాక్టరు మాట చెవులారా విన్నవాళ్ళలో నేనే మిగిలాను మరి.

మా అన్న ఎలెవుతేరియోది అత్లిస్కో ఊళ్ళో రొట్టెల బట్టీ. ఇటుకల పొయ్యి, మా తాత కట్టింది. మీ తాత నసారియో అప్పటికి కుర్రాడు, గ్యాస్ పొయ్యి పెడదామంటాడు. అన్న ససేమిరా అంటాడు. ఓ పొద్దున మాటా మాటా పెరిగి, రొట్టెలకొచ్చిన జనం ముందే, "అయితే ఆ పొయ్యితో పాటు నువ్వూ కాలిపో నాన్నా!" అనేశాడు. నోరు జారాడు, అంతే. అన్న ఆ కోపాన్ని మింగేశాడు. మింగిన కోపం పిత్తమై ఒళ్ళంతా పాకుతుందని మనవాళ్ళ నమ్మకం కదా? సరిగ్గా ఆ నెలలోనే అన్న కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళంతా ఒకటే దురద. మా వదిన ప్రాక్సెదెస్ ఇంకెవర్నీ అడగలేదు. "నీ నోటి చలవేరా ఇది! పడు, మోకాళ్ళ మీద పడు!" పడ్డాడు పాపం. అన్నకేమో ఎస్తఫియాతె ఆకు కషాయం, అబ్బ, ఏం చేదే అది, పరగడుపునే తాగించింది. ఏమైందనుకున్నావ్? కళ్ళు తెల్లబడ్డాయి! టర్కీ కోడిని కోసి ఎండుమిరపకాయల మోలె పులుసు వండుకున్నాం. ఆ మోలె మాత్రం మా వదినే చెయ్యాలి, అది వేరే సంగతి.

మళ్ళీ పచ్చబడ్డాయి. "ఈసారేమన్నావురా?" "ఏమీ అనలేదమ్మా." "అనకపోతే అనుకునుంటావు!" వాడిక ఇంట్లో మాట్లాడ్డమే మానేశాడు. మళ్ళీ కషాయం, మళ్ళీ తెలుపు. అలా ఏడాది గడిచింది. చివరికి విరేచనం తారులా నల్లగా పోయి, అన్న పొయ్యి ముందే కూలబడితే ప్యూబ్లా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. సగం రోజు కోశారు. బక్కపల్చటి డాక్టరు వరండాలోకొచ్చి నాకూ, వదినకీ, నసారియోకీ చెప్పాడు: "పిత్తం పారే గొట్టం పేగులోకి తెరుచుకునే మూతి దగ్గర శెనగ గింజంత గడ్డ. పెరిగితే దారి మూసుకుంటుంది, పైన కాస్త రాలితే తెరుచుకుంటుంది. అందుకే ఆ పచ్చా, ఆ తెలుపూ. కషాయంతో కాదు, కోపంతో కాదు. ఆ చుట్టుపక్కల పుట్టే గడ్డల్లో కాస్త దయగలది ఇదేనమ్మా, ముందే తెస్తే ఏళ్ళ తరబడి బతికేవాడేమో. పేగు ముక్క, క్లోమం తల, పిత్తాశయం అన్నీ తీసేసి, మిగిలింది అతికించాం. కానీ పక్క గ్రంథుల్లోకి పాకిపోయింది."

ఇంటికొచ్చాడు కానీ తిన్నది ఒంటికి పట్టలేదు. కొయ్యకి చొక్కా తగిలించినట్టయ్యాడు. ఆ యేడే పోయాడు; చనిపోయినవాళ్ళని తలుచుకునే పండగకి అన్న పేరున కూడా రొట్టె కాల్చాం.

అన్న పోయిన తొమ్మిదో నాడు, ఆయన్ని పడుకోబెట్టిన చోట నేల మీద సున్నంతో వేసిన సిలువని ఎత్తి తీసేయాలి కదా, నసారియో వంగితే వదిన వాడి చెయ్యి తోసేసింది. "వదినా, డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావుగా!" అన్నాను. "డాక్టరు ఆయన పొట్ట చూశాడు. వీడు ఆ మాటన్న పొద్దున ఆయన మొహం నేను చూశాను," అంది. నసారియో ఎదురు చెప్తాడేమోనని వాడి వంక చూశాను. వాడు తలూపాడే. వాడూ వాళ్ళమ్మ మాటే నమ్మాడు...

ఆ తలుపు వెయ్యి. దుమ్మొస్తోంది.